రెండు బానల నడిమి గొంతు

రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన ఏడాది కర్నూలులో సామాను చవకైంది. గుడారాల్లో ఆఫీసులు నడిపి, బాడుగ ఇళ్లలో ఇరుకిరుకుగా కాపురాలు చేసిన గుమస్తాలు మంచాలు, కుర్చీలు, నీళ్ల తొట్లు వచ్చినకాడికి వదిలించుకొని రైలెక్కారు. అట్లా వదిలించుకున్న వాటిలో ఒక రేడియో కల్లూరులో హులిగెమ్మ చేతికి వచ్చింది.

హులిగెమ్మ పొద్దున పూట రోడ్డు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మేది. రోజూ వచ్చి తినే గుమస్తా ఒకాయన ఊరొదిలే ముందు ఆ రేడియో తెచ్చి, దీని గొంతు పోయింది, బాగు చేయించుకుంటే పలుకుతుంది అని చెప్పి, ఆమె ఇచ్చినంత తీసుకొని వెళ్లిపోయాడు. ఆమె దాన్ని బిందె ఎత్తుకున్నట్టు చంకనేసుకొని ఇంటికి తెచ్చింది. ఆమెకు పాటల మీద పెద్ద మోజేమీ లేదు. మొగుడు నోరు తెరిచి మాట్లాడక చాలా కాలమైంది. ఇంట్లో ఎవరిదో ఒకరి గొంతు వినబడితే చాలుననుకుంది.

మొగుడి పేరు పెద్ద ఈరన్న. కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు చెబితే, “పెట్టె ఈరన్న మాస్టరేనా?” అని అడిగేవాళ్లు. పెట్టె అంటే హార్మోనియం. పౌరాణిక నాటకాలు ఆడే ఒక సమాజానికి ఆయన చిన్నప్పటి నుంచీ హార్మోనియం వాయించాడు. పద్యం ఎత్తుకోబోయే ముందు నటుడు ఒక్కసారి తన వైపు చూస్తే చాలు, ఆ రోజు వాడి గొంతు ఎంతవరకు లేస్తుందో కనిపెట్టి అంతే శ్రుతి ఇచ్చేవాడు. గొంతు బొంగురుపోయినవాణ్ణి కూడా జనానికి తెలియకుండా ఒక మెట్టు దించి, పద్యం ఒడ్డుకు చేర్చేవాడు. రాజు వేషాలు కట్టే దేవేంద్రప్ప, ఈరన్న పెట్టె ముందు లేకపోతే మొహానికి రంగు పూసుకోనని అనేవాడు.

నలభై దాటాక ఈరన్నకు గవదబిళ్లలు వచ్చాయి. పిల్లలకు రావలసింది మాస్టరుకు వచ్చిందని సమాజంలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. వాపు తగ్గింది. తగ్గిన తర్వాత ఒక పొద్దున లేచేసరికి కుడిచెవిలో ఏమీ లేదు. నొప్పి లేదు, హోరు లేదు. ఎవరో ఆ పక్క తలుపు వేసి వెళ్లిపోయినట్టుంది. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి, లోపలి నరం చచ్చిపోయిందని, ఎడమ చెవి బాగానే ఉంది కాబట్టి దిగులు పడొద్దని చెప్పాడు.

ఈరన్న ఆ సంగతి హులిగెమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే మరుసటి జాతరకల్లా ‘చెవిటి మాస్టరు’ అని పేరు పడుతుందని భయం. సమాజంలో పెట్టె స్థానం ఎప్పుడూ ఒక్కటే. అక్కడ జనం వైపు తిరిగి కూర్చుంటే నటులంతా కుడిచేతి వైపుకు వస్తారు. ఆయన గురువు అక్కడే కూర్చున్నాడు, ఆయనా అక్కడే కూర్చుంటూ వచ్చాడు. ఎడమ చెవి అటు తిప్పి, పెదవులు చూసి కొన్ని నాటకాలు నెట్టుకొచ్చాడు. తర్వాత ఒక జాతరలో దేవేంద్రప్ప గొంతు అలిసి, పద్యం మధ్యలో శ్రుతి దించాడు. ఎడమ పక్క తబలా, జనం గోల. ఈరన్నకు అది చెవినబడలేదు. పాత శ్రుతిలోనే పోయాడు. పద్యం విరిగిపోయింది. జనం ఈలలేశారు. దేవేంద్రప్ప ఆయన వైపు చూసిన చూపు ఎట్లాంటిదంటే, ఆ తర్వాత ఈరన్న ఆయన మొహం చూడలేకపోయాడు. వేళ్లు బిగుసుకుపోతున్నాయి, ఇంక వాయించలేనని చెప్పి పెట్టె మూసి, భార్యను వెంటబెట్టుకొని కల్లూరు వచ్చేశాడు.

కల్లూరులో వేరుశనగ నూనె మిల్లులో బస్తాల మూతులు కుట్టే పని దొరికింది. మిల్లు ప్రహరీకి ఆనించి కట్టిన గది ఒకటి ఉండమని ఇచ్చారు. రాతి గోడలు, కింద నాపరాళ్లు, పైన కూడా బండలే. ఒక మంచం, దాని కింద మూసిపెట్టిన హార్మోనియం, ఒక ట్రంకుపెట్టె, మూలన పొయ్యి, వాటి నడుమ ఇద్దరు మనుషులు తిరగడానికి చోటు. మిల్లుకున్న కరెంటు ఆ గదికీ రావడమొక్కటే దాని భాగ్యం.

రేడియోను బాగు చేయడానికి కర్నూలు పాతబస్తీలో దస్తగిరి దగ్గరికి తీసుకుపోయారు. దస్తగిరి ముప్పయ్యేళ్లవాడు, పెళ్లి కాలేదు, అంగట్లోనే పడుకుంటాడు. వెనక రేకు విప్పి చూశాడు.

“రేడియో బాగనే ఉండాదన్నా. స్పీకరు కాయితాన్ని ఎలుకలు కొట్టినాయి. అది మారిస్తే సాలు.”

మూతబడిన టూరింగు సినిమా వాళ్ల దగ్గర కొన్న స్పీకర్లు రెండు బల్ల కింది నుంచి తీసి తుడిచాడు. రెండూ ఒకే సైజు, ఒకే కంపెనీవి. ఒకటి ఈరన్న చేతిలో పెట్టాడు. ఈరన్న రెండోదాని వైపు చూశాడు.

“అది గూడా కావాల.”

“ఒక్క రేడియోకు రెండు యాలన్నా?”

ఈరన్న రెండోదాన్ని కూడా ఒళ్లోకి తీసుకున్నాడు. హులిగెమ్మ అందుకుంది.

“ఇయ్యప్పా. అంత దుడ్లు ఇప్పుడు మాతాన లేవు. పొద్దన్నే వచ్చి నాతాన తినిపో. నీకు సెల్లిపోయిందనిపించేదాకా పెడతా.”

వంట చేసిపెట్టే దిక్కులేని దస్తగిరికి అది చెడ్డ బేరంగా తోచలేదు. అయితే ఒక మాట చెప్పాడు. స్పీకరు ఉత్తగా నిలబెడితే బలం ఉండదు, దాని వీపుకు ఒక పెట్టె కావాలి. టేకు పెట్టెలు చేయించాలంటే రేడియో కంటే వాటికే ఎక్కువవుతుంది. మట్టి బాన మూతికి బిగించినా బాగానే పలుకుతుంది.

బానలు కొనడానికి పోయిన రోజు హులిగెమ్మ సిగ్గుతో సగమైంది. ఈరన్న కుమ్మరామె ముందు గొంతుక్కూర్చొని, ఒక్కో బాననూ వేలి కణుపుతో కొట్టి, ఎడమ చెవి దగ్గర పెట్టుకొని వింటాడు. కింద పెడతాడు. ఇంకోటి తీస్తాడు. మళ్లీ మొదటిదాన్ని కొడతాడు. ఉన్న బానలన్నీ అయిపోవచ్చాయి.

“ఏమప్పా, బాన కొంటావా, దానికి పిల్లను సూస్తాండావా?” అంది కుమ్మరామె.

“జోడు కావాల్నమ్మా. రెండూ ఒకటే శ్రుతిలో ఉండాల.”

“నీళ్లకు శ్రుతి ఏందప్పా!”

ఆఖరికి జోడు దొరికింది. ఒకదాని మీద బొగ్గు మరక, ఇంకోటి కొంచెం వంకర. కొడితే మాత్రం రెండూ ఒకే మాట చెప్పాయి. దస్తగిరి పలక చెక్కలకు గుండ్రంగా తొలిచి, స్పీకర్లు బిగించి, బానల మూతులకు కట్టి, తీగలు ఇచ్చాడు. ఈరన్న మిద్దె మీద ఏరియల్ లాగి, పోస్టాఫీసులో లైసెన్సు తీసుకొని, ఆదివారం సాయంత్రం విజయవాడ స్టేషను పెట్టాడు.

ఎవరో ఆడమనిషి పాడుతోంది. వెనక ఫిడేలు ఉన్నట్టుంది. ఉన్నట్టుంది అనే చెప్పాలి, ఎందుకంటే ఆ రాతి గదిలో పాట గోడకు కొట్టుకొని, బండకు కొట్టుకొని, మాటకు మాట అడ్డం పడి, బావిలో నలుగురు ఒక్కసారి అరిచినట్టు వినబడింది. హులిగెమ్మ చెవులు మూసుకుంది. ఈరన్న మరునాడు మిల్లులో అడిగి చినిగిన గోనెసంచులు తెచ్చాడు. బస్తాలు కుట్టే దబ్బనంతోనే వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టి, బానలకు ఎదురుగోడకూ మంచం వెనక గోడకూ వేలాడదీశాడు. మిగిలిన పీచు బానల్లో కూరాడు. గది వేరుశనగ వాసన కొట్టింది గాని, పాటలో మాటలు విడివిడిగా తెలిశాయి.

“ఇప్పుడు బాగుండాదా?” అని అడిగాడు.

“మాట తెలుస్తాండాది. గొంతుండాది గాని మనిషి లేనట్టుండాది,” అంది హులిగెమ్మ.

ఈరన్న ఆ మాట పట్టించుకోలేదు. ఆయన ఆలోచన వేరు. రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, ఒక బాన పక్కన చతికిలబడి, కుడిచెవి దాని మూతికి ఆనించి కూర్చునేవాడు. ఎండిన బోరింగుకు పైనుంచి నీళ్లు పోసి కొడితే మళ్లీ నీళ్లెత్తుతుంది. చచ్చిన చెవిలో పాట పోస్తూ ఉంటే ఏదో ఒక రోజు లేవకపోతుందా అని ఆయన ఆశ. చెంపకు బాన అదురు తగిలేది. అదురే తప్ప శబ్దం లేదు. ఎడమ చెవిలోకి వచ్చేదే వచ్చేది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం పాట సగంలో రేడియో ఆపేసి, బయటికి పోయి మిల్లు గోడ కింద కూర్చున్నాడు. హులిగెమ్మ వెనకాలే వచ్చింది.

“ఏమాయ?”

“అది లేయదులే,” అన్నాడు కుడిచెవి తడుముకుంటూ.

రెండో స్పీకరు ఆ చెవి కోసమే అడిగాడని అప్పుడు గానీ ఆమెకు అర్థం కాలేదు. ఆయన పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత, “అన్నం తిందువు రా,” అని లేపుకొని పోయింది.

ఆ వచ్చే ఆదివారం దస్తగిరి తినడానికి ఆలస్యంగా వచ్చాడు. హులిగెమ్మ అప్పటికే అంగడి ఎత్తేసిందని ఇంటికే వచ్చి, తింటూ తింటూ రేడియో పెట్టమన్నాడు. కాసేపు విని ఎంగిలి చెయ్యి కడుక్కున్నాడు.

“తప్పు నాదే అన్నా. ఒకదాని తీగలు తిరగబడినాయి. ఇది ముందుకు తోస్తాంటే అది యెనక్కి గుంజుతాండాది. పాటలో సత్తువంతా ఆడికాడికే సరిపోతాండాది.”

ఒక బాన దగ్గర రెండు తీగలనూ అటుదిటు మార్చి ముడివేశాడు. హులిగెమ్మ గడపకు వీపు ఆనించి, రెండు బానలకూ ఎదురుగా కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది. తలెత్తింది.

“ఎవరొచ్చినారు?”

“ఎవురూ రాల్యా,” అన్నాడు ఈరన్న.

“ఆడ, ఆ గోడకాడ. రెండు బానల నడుమ ఎవరో నిలబడి పాడ్తాండారు.”

గోడ దగ్గర ఎవరూ లేరు. మేకుకు ఈరన్న చొక్కా వేలాడుతోంది. హులిగెమ్మ చేట కింద పెట్టి లేచింది. రెండడుగులు పక్కకు వేసేసరికి పాట ఆ పక్క బానలోకి దూరిపోయింది. మళ్లీ గడప దగ్గరికి వస్తే చొక్కా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె భయంభయంగా నవ్వింది. దస్తగిరీ అక్కడ కూర్చొని చూసి, తనకూ అట్లాగే ఉందన్నాడు. జోడు స్పీకర్లు సరిగ్గా కుదిరితే ఇట్లా అవుతుందని ఎవరో చెప్పగా విన్నాడు గాని, తాను వినడం ఇదే మొదలట.

ఈరన్న కూడా గడప దగ్గర కూర్చున్నాడు. ఆయనకు పాట ఎప్పటిలాగే ఎడమ పక్క నుంచి వచ్చింది. కళ్లు మూసుకున్నాడు, తల తిప్పాడు. గోడ దగ్గర ఎవరూ రాలేదు.

“ఎంత ఎత్తుండాది?” అని అడిగాడు భార్యను.

“నా అంత. నోరు ఆ మేకుకాడ ఉండాది.”

“ఫిడేలో?”

ఆమె కాసేపు విన్నది. “అది గూడా ఆడనే. ఆమె యెనకాల.”

“యెనకాల అంటే? ఎంత దూరం?”

“గోడ అవతల అనుకో. గోడ లేనట్టే ఉండాదయ్యా.”

ఈరన్న ఆ రోజు మళ్లీ బయటికి పోయి కూర్చోలేదు.

మరునాటి నుంచి ఆయన పని మారింది. హులిగెమ్మ గడప దగ్గర కూర్చునేది ఆదివారం ఒక్కపూటే. తక్కిన పొద్దంతా పొయ్యి దగ్గరే. కాబట్టి నడిమి చోటు పొయ్యి ముందుకు రావాలనుకున్నాడు. ట్రంకుపెట్టె బయట పెట్టి దాని మీద రేకు కప్పాడు. తన మంచం గోనెసంచుల గోడకు నెట్టి, ఒక బాన అది ఖాళీ చేసిన చోటికి, ఇంకోటి కిటికీ కిందికి జరిపాడు. చేంతాడు తెచ్చి, పొయ్యి ముందున్న పీట నుంచి ఒక బానకు లాగి ముడివేసి, అదే ముడి రెండో బానకు అందేదాకా దాన్ని జరిపాడు. బానల కింద ఇసుక పోసి, మూతులు పీట వైపు కొంచెం కొంచెం తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ అడిగేవాడు.

“ఇప్పుడు?”

“లావైపాయ. గోడంత మనిషయింది.”

“ఇప్పుడు?”

“ఆ, సన్నబడె. కాకుంటే కూచున్నట్టుండాది. లేపు.”

ఆయన ఇసుక ఎత్తు చేసేవాడు. హులిగెమ్మకు స్వరం పేరు ఒక్కటీ తెలియదు. ఆమె ఏం విన్నా మనిషిగానే చెప్పేది. ఈ పొద్దు వచ్చినాయన మొహం పక్కకు తిప్పుకొని పాడుతున్నాడనేది. మృదంగం ఆయన ఒడిలోనే ఉందనేది. ఈరన్న వేరుశనగ దుమ్ము కడుక్కోకుండానే ఆమె ఎదురుగా గొంతుక్కూర్చొని, ఆమె మొహం చూస్తూ వినేవాడు. రేడియో ఆపాక కూడా మాటలు ఆగేవి కావు. మిల్లులో ఏం జరిగింది, ఉగ్గానికి బొరుగులు ఎవరి దగ్గర బాగున్నాయి, పాత రోజుల్లో ఏ ఊళ్లో ఏ పద్యానికి జనం మళ్లీ మళ్లీ పాడమన్నారు, అన్నీ వచ్చేవి.

వేరుశనగ కోతలయ్యాక దేవేంద్రప్ప కోడుమూరు నుంచి మిల్లుకు కాయల బండ్లు తోలుకొచ్చాడు. తూకాల దగ్గర ఈరన్న కనబడితే తల తిప్పుకున్నాడు. ఈరన్నే దగ్గరికి పోయి, ఎండన పడి వచ్చావు, ఒక ముద్ద తినిపో అన్నాడు. కాదనలేక వచ్చాడు. హులిగెమ్మ పొయ్యి ముందు పీట వేసి కూర్చోబెట్టింది. మధ్యాహ్నం పాటలు వస్తున్నాయి. ఈరన్న రేడియో పెట్టాడు.

దేవేంద్రప్ప నోటికెత్తిన ముద్ద అక్కడే ఆగింది. గోడ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. మళ్లీ గోడ వైపు చూసి, ముద్ద గిన్నెలో పెట్టేశాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

“ఇది యాడ నేర్చినావు మాస్టరూ? మనిషిని తెచ్చి నిలబెట్టినావు గదప్పా!”

“నేను నిలబెట్టింది గాదు. నాకది కనపడదు.”

“అంటే?”

ఈరన్న భార్య వైపు చూశాడు. ఆమె గరిటె పట్టుకొని అట్లే నిలబడింది.

“నాకు కుడిచెవి లేదు దేవేంద్రప్పా. గవదలొచ్చినప్పుడే పాయ. ఇదంతా ఆమె ఇని చెప్తాంటే నేను జరుపుతా వచ్చినా. అంతే.”

“యేళ్లు బిగుసుకున్యాయంటివే!”

“అబద్ధం చెప్పినా.”

గిన్నెలో సంగటి చల్లారిపోయింది.

“అయితే ఆ పొద్దు నేను శ్రుతి దించితే…”

“నాకు ఇనపళ్ళా.”

“కావాల్నే చేసినావనుకున్యా,” అన్నాడు దేవేంద్రప్ప. “అంతమంది జనంలో కావాల్నే నా పరువు తీసినావనుకొని, ఇన్నాళ్లూ నీ పేరెత్తితే కొట్టేదానికి పోయినా. నేనేమి పాపం చేసినానప్పా నీకు, ఒక్క మాట చెప్పకూడదా?”

“చెప్పేదానికి నోరు రాల్యా.”

“పెట్టె ఆ పక్క నుంచి ఈ పక్కకు మార్చుకుంటే అయిపోతాండె గద! నేను నీ ఎడమచేతికి వస్తాంటి.”

ఆ మాట ఈరన్నకు తట్టలేదా అంటే, ఏదో ఒకప్పుడు తట్టే ఉంటుంది. కానీ గురువు కూర్చున్న చోటు ఎందుకు మారుస్తున్నావని అడిగితే చెవి సంగతి చెప్పాలి. చెవి సంగతి చెప్పేకంటే పెట్టె మూయడమే ఆ రోజు సులువనిపించింది.

“బానలు జరిపినంత సేపు గూడా పట్టదు,” అని హులిగెమ్మ చల్లారిన సంగటి తీసి వేడిది పెట్టింది.

నెల తిరక్కుండా కోడుమూరులో నాటకం పెట్టారు. తబలా ఆయన, ఇన్నేళ్ల తర్వాత నేను చోటు మారడమేందని గొణిగాడు. దేవేంద్రప్ప కసిరితే మారాడు. ఈరన్న కొత్త చోట కూర్చుంటే ముందు వేళ్లే తడబడ్డాయి, చోటు తెలియని ఇంట్లో చెంబు వెతుక్కున్నట్టు. దీపాలు పెట్టి, ప్రార్థన అయి, రాజు వేషంలో దేవేంద్రప్ప వచ్చి పెట్టె వైపు ఒకసారి చూశాడు. ఈరన్న శ్రుతి ఇచ్చాడు. ఎడమ పక్క నుంచి పద్యం నేరుగా చెవిలోకి వచ్చి పడింది. గొంతులో కొత్త గరుకు వినబడింది, ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో వినబడింది. మూడో పద్యంలో దేవేంద్రప్ప అలిసి మెట్టు దిగితే ఈరన్న వేళ్లు ఆయనతో పాటే దిగాయి.

అంతా సాఫీగా జరిగిందని కాదు. ఇద్దరు నటులు ఎదురెదురు పద్యాలు అందుకున్నప్పుడు ఏది ఎవరిదో ఒక్క చెవికి తెలియలేదు. పెదవులు చూడవలసి వచ్చింది. ఒకచోట సగం మెట్టు ఆలస్యమైంది. ఇప్పుడది సమాజంలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, ఆలస్యమైనప్పుడు పక్కనున్న నటుడు ఒక్క క్షణం ఆగి అందుకున్నాడు. కొన్ని పల్లెల్లో ‘ఒంటిచెవి మాస్టరు’ అనే పేరు పడనే పడింది. దానికి ఆయన అనుకున్నంత బాధ కలగలేదు. బస్తాలు కుట్టే పని మానలేదు. నాటకం ఉన్నప్పుడు సెలవు పెట్టి పోయేవాడు. హులిగెమ్మ కూడా అంగడి మూసి వెంట వెళ్లేది.

ఆ మొదటి కోడుమూరు నాటకం ముగిసిన పొద్దున ఇద్దరూ కర్నూలు బస్సెక్కారు. హార్మోనియం పైన కట్టారు. బస్సు నిండా జనం, ఒడిలో కోళ్లు, గట్టిగా మాట్లాడుకునే బేరగాళ్లు, గతుకు గతుక్కూ గలగలమనే రేకులు. కొత్తగా కోసిన చేలు రెండు పక్కలా ఎర్రగా వెనక్కి పోతున్నాయి. ఈరన్న కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత మంచి చెవిని హులిగెమ్మ భుజానికి ఆనించాడు. దాంతో ఆ గోలంతా ఆయనకు ఒక్కసారిగా ఆగిపోయింది. అట్లాగే నిద్రపోయాడు.

టికెట్టు కోసం కండక్టరు రెండుసార్లు పిలిచాడు.

“పండుకున్యాడు, నాతాన తీసుకోప్పా,” అని హులిగెమ్మ భుజం కదలకుండా కొంగుముడి విప్పింది.